ముత్తు అనే పేరు మన ఇళ్లలోకి ఎట్లా వచ్చింది?

కోవిల్‌పట్టి బస్టాండులో నిలబడి "ముత్తూ!" అని గట్టిగా ఒక కేక వేయండి. కనీసం నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ నలుగురిలో ఒకరిద్దరు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే అయి ఉంటారు. ముత్తులక్ష్మి, ముత్తుమారి, ముత్తమ్మాళ్, ముత్తురాజ్, ముత్తుకుమార్, ముత్తువేల్, ముత్తుసామి, ముత్తయ్య, మారిముత్తు, కాళిముత్తు. విరుదునగర్ నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా కయత్తారు దాకా ఏ ఊరికి పోయినా ఈ పేర్లు వినిపిస్తాయి. నాయుళ్ల ఇళ్లయినా, రెడ్డియార్ల ఇళ్లయినా, రాజకంబళం వాళ్లయినా, దేవాంగులయినా, అరుందతియర్లయినా, ముత్తు లేని వీధి మా పక్క తక్కువ.

ఆంధ్రా నుంచి ఎవరన్నా వస్తే అడిగే మొదటి ప్రశ్న ఇదే. "మీరు తెలుగువాళ్లే గదా, అరవపేర్లు ఎందుకు పెట్టుకున్నారు?" మనవాళ్లు చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "పక్కనే తూత్తుకుడి, ముత్యాల ఊరు. అందుకని ముత్తు." వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ ప్రశ్నా సరిగా లేదు, ఈ జవాబూ సరిపోదు. ముత్తు అనేది పూర్తిగా అరవపేరూ కాదు, సముద్రం నుంచి వచ్చిన పేరూ కాదు. మన ఇళ్లలోకి అది కనీసం మూడు దారుల్లో వచ్చింది. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ నగల పెట్టెలోనుంచి రాలేదు.

సముద్రం దగ్గర, ముత్యం దూరం

ముందు తూత్తుకుడి సంగతి చూద్దాం. మన్నారు సింధుశాఖలో ముత్యాల వేట రెండు వేల ఏళ్ల నాటిది. పాండ్యుల రేవు కొర్కై. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ఓడ వర్తకుల పుస్తకం పెరిప్లస్‌లోనే ఆ రేవు పేరుంది. శిక్ష పడిన ఖైదీలతో అక్కడ ముత్యాలు తీయించేవాళ్లని రాశారు. 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కోపోలో, దొరికిన ముత్యాల్లో పదో వంతు రాజుకు పోతుందనీ, సొరచేపలను మంత్రంతో కట్టేసేవాళ్లకు ఇరవయ్యో వంతు ఇవ్వాలనీ రాశాడు. తరవాత పోర్చుగీసువాళ్లు వచ్చారు. 1658లో డచ్చివాళ్లు తూత్తుకుడిని పట్టుకున్నారు. వాళ్ల వెనక ఇంగ్లీషువాళ్లు. ఎవరొచ్చినా నీళ్లలో మునిగింది పరదవులు, లాభం తీసుకున్నది దొరలు.

1961తో ఆ పెద్ద వేట ఆగిపోయింది. 1973లో తూత్తుకుడిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఆల్చిప్పలను పెంచి గుండ్రటి ముత్యం తీసి చూపించారు. ఇప్పుడు ఊరికి ముత్తునగర్ అనే పేరు, చెన్నైకి పోయే ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్ మాత్రం మిగిలినాయి. ఆ రైలు కోవిల్‌పట్టిలో, సాత్తూరులో, విరుదునగర్‌లో ఆగుతుంది. మన పిల్లకాయలు చదువుకోను పోయేది దాంట్లోనే.

ఇదంతా నిజమే గానీ, మనది కరిసల్ సీమ. నల్లరేగడి. పత్తి, మిరప, సజ్జ, జొన్న పండించినవాళ్లం. వాన పడితే తింటాం, లేకపోతే లేదు. ఈ ఊళ్లల్లో ముత్యాలహారం వేసుకున్న అవ్వను నేను ఒక్కతెను కూడా చూడలేదు. చెవులకు పాంబడం, మెడలో పుస్తె, అంతే. కంటితో చూడని రాయి పేరును తరతరాలుగా ఇంటింటా పెట్టుకుంటారా?

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సముద్రం దగ్గర కాబట్టే ఈ పేరు వచ్చింది అనుకుంటే, తెలంగాణలో దీనికి పని ఉండకూడదు. అక్కడ సముద్రం లేదు. హైదరాబాదును ముత్యాల నగరం అంటారు గానీ, అక్కడికి ముత్యాలు బయటినుంచి వచ్చినవే. అయినా తెలంగాణలో ఏ ఊరికి పోయినా ముత్యాలమ్మ గుడి ఉంటుంది. ముత్యాలు, ముత్యం, ముత్తయ్య అనే మనుషులు ఉంటారు. రాయలసీమలో, కోస్తాలో కూడా అంతే. కాబట్టి దీని మూలం నీళ్లలో కాదు, ఇంకోచోట వెతకాలి.

మాట ఒకటే, రెండు భాషల్లో

తెలుగులో ముత్యం. తమిళంలో ముత్తు. కన్నడంలోనూ ముత్తే. సంస్కృతంలో ముక్తా. సంస్కృతం నుంచి మనకొచ్చిందా, మననుంచి సంస్కృతానికి పోయిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మనకు కావాల్సింది వేరే. మా ఇంట్లో పెద్దవాళ్లు ముత్యం అనరు, ముత్తెం అంటారు. చిన్నప్పుడు ఆంధ్రా నుంచి వచ్చిన ఒకాయన దీన్ని విని నవ్వినాడు, అరవం కలిసిపోయిందని. కలిసిపోయింది ఏమీ లేదు. ముత్తెము అనేది పాత తెలుగు మాటే, నిఘంటువుల్లో ఉన్నదే. మనవాళ్లు దక్షిణానికి వచ్చేటప్పుడు మూటగట్టుకొని తెచ్చుకున్న మాటల్లో అదొకటి. అక్కడ బడి చదువుతో ముత్యం గట్టిపడింది, ఇక్కడ ముత్తెం అట్లే నిలిచింది.

ముత్తెం, ముత్తు. రెంటికీ మధ్య ఎంత దూరం ఉంది? మన ఇంట్లో చెప్పే మాట, ఎదురింటి తమిళావిడ చెప్పే మాట దాదాపు ఒకటే. ఇట్లాంటి మాటలు పేరుగా పెట్టుకోవడానికి భలే అనుకూలం. బిడ్డను ఇంట్లో పిలిచినా, వీధిలో పిలిచినా పలుకు మారదు.

ఇంకో ముక్క. తమిళంలో ముత్తు అంటే గింజ కూడా. ఆముదపు గింజను ఆమణక్కు ముత్తు అంటారు. చింతగింజను పుళియముత్తు అంటారు. మధ్యాహ్నం పూట అవ్వలు అరుగుమీద కూర్చొని వామనగుంటలు ఆడేది ఆ పుళియముత్తులతోనే. మన సీమ రైతుకు ముత్తు అంటే గుర్తుకొచ్చేది ఆల్చిప్ప కాదు, గుప్పెట్లో పట్టే విత్తనం. మనం తెలుగులో కూడా మంచి పంటను చూసి "గింజలు ముత్యాల్లా ఉండాయి" అంటాం గదా. ముత్తు అనే పేరులో ఆ అర్థం కూడా తెలియకుండానే కలిసింది.

అమ్మ పోసిన ముత్తు

ఇప్పుడు అసలు దారికి వస్తాం.

ఒంటిమీద అమ్మవారు పోసినప్పుడు మా ఇళ్లల్లో పొక్కు అనే మాట నోట రానివ్వరు. ముత్తు అనాలి. "ముత్తు పోసినాది" అంటారు, "అమ్మ వచ్చినాది" అంటారు. ఆ ఇంట్లో తాలింపు వేయరు. వాకిట్లో వేపమండలు కడతారు. బిడ్డను వేపాకుమీద పడుకోబెడతారు. బయటివాళ్లు లోపలికి రారు, లోపలివాళ్లు గట్టిగా మాట్లాడరు. తగ్గినాక వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోస్తారు. అప్పుడు "అమ్మ దిగిపోయింది" అంటారు. ఆంధ్రాలో ఆటలమ్మ అంటారు చూడండి, ఇక్కడ తమిళవాళ్లు కూడా "అమ్మ ఆడుతోంది" అనే చెప్తారు. ఊరు మారినా, భాష మారినా భయం ఒకటే, దాన్ని మర్యాదగా పిలిచే తీరూ ఒకటే.

ఇప్పటి పిల్లలకు ఇది చికెన్‌పాక్స్, వారం రోజులు బడికి సెలవు. కానీ ఈ మాటలు పుట్టింది మశూచి కాలంలో. అది ఇంట్లోకి వస్తే ఎవరు మిగులుతారో తెలియదు. మిగిలినవాళ్లకు మొహం మీద గుంటలు, కొందరికి కళ్లు పోయేవి. ఎండాకాలంలో ఎక్కువగా వచ్చేది. మా పక్క మారియమ్మ జాతరలు చాలావరకు ఆ ఎండల్లోనే జరుగుతాయి. విరుదునగర్ పరాశక్తి మారియమ్మకు పంగుని నెలలో పొంగల్ పెడతారు. సాత్తూరు దగ్గర, అర్జున నదీ వైప్పారూ కలిసేచోట ఉన్న ఇరుక్కన్‌గుడి మారియమ్మకు ఆడి నెల చివరి శుక్రవారం జనం నడిచి పోతారు. మన తెలుగువాళ్ల ఇలవేల్పులు వేరేగా ఉంటారు. జక్కమ్మ ఉంటుంది, పెరుమాళ్ ఉంటాడు. కానీ మారియమ్మ ఊరందరిదీ. జబ్బు కులం అడిగి రాదు, భాష అడిగి రాదు.

ఇక పేర్లు చూడండి. మారిముత్తు, కాళిముత్తు, ఇసక్కిముత్తు, పేచ్చిముత్తు, సుడలైముత్తు. అన్నింట్లోనూ ముందు దేవత, వెనక ముత్తు. ఆంధ్రాలో దీనికి సాటి వచ్చేది రత్నం, మణి. నాగరత్నం, నాగమణి, వెంకటరత్నం, సీతారత్నం. అక్కడ బిడ్డ దేవుడిచ్చిన రత్నం. ఇక్కడ బిడ్డ అమ్మవారి ముత్తు. అయితే నాగరత్నం అన్నప్పుడు పాము తలమీద మెరిసే మణి గుర్తుకొస్తుంది. మారిముత్తు అన్నప్పుడు మాత్రం ఒంటిమీద పోసిన ముత్తే గుర్తుకొస్తుంది. "నీ ముత్తు వీడిని ముట్టింది, వీడు బతికినాడు, కాబట్టి వీడు నీవాడు." ఆ పేరు చెప్పేది ఇదీ అని నాకు తోస్తుంది.

ఈ పేరు ఎవరికి పెట్టేవాళ్లు? అమ్మ పోసి బతికిన బిడ్డకు కొత్తగా పేరు మార్చి పెట్టేవాళ్లు. ముందు పుట్టినవాళ్లు పోతే తరవాత పుట్టినవాళ్లకు పెట్టేవాళ్లు. కడుపుతో ఉన్నప్పుడు మొక్కుకొని పెట్టేవాళ్లు. బిడ్డలు నిలవని ఇళ్లల్లో తెలుగువాళ్లు పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ అని పెట్టడం మీకు తెలుసు. పనికిరాని పేరు పెడితే చావు ఆ బిడ్డను పట్టించుకోదని నమ్మకం. పైకి చూస్తే చెత్త పేరు ఒకవైపు, రత్నం పేరు ఇంకోవైపు. కానీ రెండూ ఒకే భయానికి రెండు మందులు. మన సీమలో ఈ రెంటినీ కలిపిన పేరు కూడా ఒకటి ఉంది, పిచ్చైముత్తు. పిచ్చై అంటే బిచ్చం. బిచ్చమెత్తి తెచ్చుకున్న ముత్యం. బిడ్డ దక్కితే చాలు అనుకున్న తల్లి నోటినుంచి తప్ప ఇట్లాంటి పేరు రాదు.

ఇంగ్లీషువాళ్లలో కూడా 19వ శతాబ్దం చివర ఆడపిల్లలకు పెర్ల్, రూబీ అని పెట్టడం బాగా నడిచింది. మార్గరెట్ అన్నా మూలం గ్రీకులో ముత్యమే. అక్కడ ఆ పేర్లు అందానికి, విలువకు పెట్టినవి. మన ముత్తును ఆ వరసలో చేర్చి "రత్నాల పేర్లు" అని ఒక జాబితా రాసేస్తే, అసలు కథ పోతుంది.

దేవత పేరు పెట్టడం, ఇంట్లో పిలుపు దాన్ని మార్చేయడం మన సీమకు కొత్తేమీ కాదు. విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ గారికి మొదట పెట్టింది కులదేవత కామాక్షి పేరే. వాళ్లమ్మ రాజా అని పిలిచేది. రెండూ కలిసి కామరాజ్ అయినాయి.

మురుగన్ ముత్తు

రెండో దారి మురుగన్. ముత్తుకుమారుడు, ముత్తువేల్, ముత్తుసామి, ఇవి ఆయన పేర్లు. తంజావూరు పక్క వైదీశ్వరన్ కోవెలలో మురుగన్ పేరే ముత్తుకుమారస్వామి. రోగాలు పోగొట్టే వైద్యనాథుడి గుడి అది. ఇక్కడ కూడా ముత్తుకూ జబ్బు తగ్గడానికీ సంబంధం కనిపిస్తుంది చూడండి. తిరుప్పుగళ్‌లో తొలి పాట మొదలయ్యేది కూడా ముత్యం మాటతోనే.

ఆ వైదీశ్వరన్ కోవెల దేవుడి పేరే పెట్టుకున్నాయన ముత్తుస్వామి దీక్షితులు. 1775లో తిరువారూరులో పుట్టి, 1835లో మన కోవిల్‌పట్టి పక్కన ఎట్టయపురంలో పోయినారు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఎట్టయపురం జమీందార్లు రాజకంబళం వాళ్లు, ఇంట్లో తెలుగు. దీక్షితుల వంశంలో సుబ్బరామ దీక్షితులు గారు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో అదే ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. ఈ సీమలో తెలుగు పుస్తకం అచ్చయిన కాలం ఒకటి ఉండిందని మన పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది.

కోవిల్‌పట్టికి దగ్గరలోనే కళుగుమలై మురుగన్ కోవెల. అక్కడ మొక్కుకొని పుట్టిన మగబిడ్డలకు ముత్తుకుమార్, ముత్తుసామి పెట్టిన తెలుగు ఇళ్లు చాలానే ఉంటాయి. నామాలు పెట్టుకునే ఇళ్లల్లో కూడా ఈ పేరు ఉండడం చూసి ఆశ్చర్యపోవద్దు. మొక్కు దగ్గర నామమా విభూతా అని మనవాళ్లు చూసుకోలేదు.

ముద్దు ముత్తయింది

మూడో దారి మన భాష చరిత్రకు సంబంధించింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కూడా ఇదే.

తమిళ లిపిలో త, ద రెంటికీ ఒకటే అక్షరం. ఒత్తు పడితే దాన్ని 'త్త' అనే చదువుతారు. అంటే తెలుగువాడు ముద్దు అనే మాటను తమిళంలో రాస్తే, చదివేవాడికి అది ముత్తు. ముద్దయ్య ముత్తయ్య అవుతాడు. ముద్దమ్మ ముత్తమ్మాళ్ అవుతుంది. మన తెలుగు ఇళ్లల్లో ముద్దు అనే పేరు పాతకాలం నుంచి ఉన్నదే. తంజావూరులో రాధికా సాంత్వనం రాసిన 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని. ఆమె పేరును తమిళంలో రాస్తే ముత్తుపళని అనే చదవాలి.

మధుర నాయకులను చూడండి. 1601 నుంచి 1609 దాకా ఏలినాయన ముత్తు కృష్ణప్ప నాయకుడు. ఆయన తరవాత 1623 దాకా ముత్తు వీరప్ప నాయకుడు. రాణి మంగమ్మ కొడుకు, 1682 నుంచి 1689 దాకా ఏలినవాడు, రంగకృష్ణ ముత్తు వీరప్ప నాయకుడు. ఇంట్లో తెలుగు మాట్లాడిన వంశం వాళ్లది. పుస్తకాల్లో ముత్తు అనీ, ముద్దు అనీ రెండు రాతలూ కనిపిస్తాయి. వాళ్లమ్మ ఉయ్యాల దగ్గర పిలిచింది ముద్దు వీరప్పా అనా, ముత్తు వీరప్పా అనా? కాగితం చెప్పదు. తెలుగు నోరు ముద్దు అనే అని ఉంటుందని నా ఊహ.

లిపి వల్ల మన పేర్లు మారడం ముత్తుతో ఆగలేదు. పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్ పేరు మొదట గెట్టి బొమ్ము అని చెప్తారు. 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని ఉరితీశారు. ఇవాళ లోకానికి తెలిసింది కట్టబొమ్మన్ మాత్రమే. గ పోయి క వచ్చింది, చివర తమిళ 'న్' చేరింది. మన తాతల పేర్లకు కూడా జరిగింది ఇదే. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తమిళంలో రాస్తారు, ఆ రాతను చూసి జనం పిలుస్తారు, ఒక తరం తిరిగేసరికి ఇంట్లోనూ అదే పలుకు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ముత్తయ్య అంటే ముత్తు అయ్యే కానక్కరలేదు. ముత్తాత, ముత్తవ్వ అంటాం గదా, అక్కడ ముత్త అంటే పెద్ద, పాత అని. కొన్ని ఇళ్లల్లో ముత్తయ్య అంటే పెద్దయ్య అని అర్థం. ముత్తైదువలో ఉన్నది కూడా ముత్యం కాదు. కాబట్టి పేరులో ముత్తు వినిపించిన ప్రతిచోటా ఆల్చిప్పను వెతకొద్దు.

మిగతా రాళ్లు

రత్నాల పేర్లు మన సీమలో ఇంకా ఉన్నాయి. మాణిక్కం ఉంది. తెలుగు మాణిక్యానికి జత అయినా, ఇక్కడ దాన్ని నిలబెట్టింది మధుర దగ్గర తిరువాదవూరు వాడైన మాణిక్కవాచకర్ భక్తి. మరగదం, అంటే మరకతం, మధుర మీనాక్షమ్మ రంగు. ఆమెకు మరగదవల్లి అనే పేరు కూడా ఉంది. పవళం, అంటే పగడం, ఆడవాళ్ల పేరు. పవళక్కొడి కథ నాటకాల్లో బాగా ఆడింది, 1934లో సినిమాగా కూడా వచ్చింది. వైరం అంటే వజ్రం. ఈ పేరు తమిళుల ఇళ్లల్లో ఉన్నంతగా మన ఇళ్లల్లో కనపడదు. తెలుగు చెవికి వైరం అంటే పగ. బిడ్డను పగ అని ఎవరు పిలుస్తారు? ఏ పేరు ఎత్తుకోవాలో, ఏది వదిలేయాలో మనవాళ్ల చెవే నిర్ణయించిందని నేను అనుకోవడానికి ఇదొక కారణం.

తెలుగు ఇళ్లు దీన్ని ఎందుకు అంత పట్టుకున్నాయి

ఆంధ్రాలో మనిషి పేరు ముందు ఇంటిపేరు ఉంటుంది. ఇక్కడ అది కాగితం మీద లేదు. నాన్న పేరులోని మొదటి అక్షరం, ఆ తరవాత మన పేరు, అంతే. మన ఇంటిపేర్లు బయటికొచ్చేది పెళ్లి మాటలప్పుడు, వరస కుదురుతుందో లేదో చూసుకోవడానికి మాత్రమే. కాబట్టి బరువంతా ఒక్క పేరుమీదే పడింది. ఆ పేరు బడిలో తమిళంగా నడవాలి, ఇంట్లో తెలుగుగా పలకాలి. ముత్తు రెండు పనులూ చేసింది.

పైగా తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టే ఆచారం. తమిళంలో మనవడిని పేరన్ అనేది కూడా అందుకే, పేరు మోసేవాడని. అట్లా ఒక తరం వదిలి ఒక తరం ముత్తు తిరిగొచ్చింది. కానీ కోడలు మామ పేరు, అత్త పేరు నోట పలకకూడదు. కన్నబిడ్డకు అదే పేరు ఉన్నా పిలవలేదు. అందుకని ఇంకో పిలుపు పుట్టేది. బుజ్జమ్మ, చిన్నోడు, పెద్దోడు, నాయన. మన ఇళ్లల్లో తెలుగు దాక్కున్నది ఈ పిలుపుల్లోనే.

దీనికి మంచి ఉదాహరణ కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు. తెలుగు ఇంటి మనిషి. తమిళంలో కరిసల్ కథలు రాసి, ఈ సీమ మాటలకు నిఘంటువు కూర్చి, 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్నారు. ఆయన పూర్తి పేరు రాయంగుల శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజం నాయక్కర్. అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? తమిళ రచయితలంతా ఆయన్ని నైనా అనేవాళ్లు. నైనా అంటే మన నాయనే. కాగితం మీది పేరు ఏమైనా, పిలుపు తెలుగులో మిగిలింది.

ఇప్పుడేమైంది

నా దగ్గర పాత పెళ్లిపత్రికల కట్ట ఒకటుంది. మా చుట్టాలవి, ఊరివాళ్లవి. తాతలు, అవ్వల పేర్ల వరసలో ముత్తు లేని పత్రిక వెతికినా దొరకదు. అమ్మానాన్నల వరసలో అక్కడక్కడా ఉంటుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురి పేర్లకు వచ్చేసరికి దాదాపు కనపడదు. 'ష', 'శ్రీ', 'హ' ఉన్న పేర్లు వచ్చినాయి. పాత అవ్వలకు ఆ పేర్లు నోరు తిరగవు.

మశూచి పోయింది. మన దేశంలో చివరి కేసు 1975 మేలో. 1977లో దేశం, 1980లో ప్రపంచం మశూచి లేనిదని ప్రకటించారు. భయం పోయినాక మొక్కు తగ్గింది, మొక్కు తగ్గినాక పేరు తగ్గింది. అందులో బాధపడాల్సింది ఏమీ లేదు. బిడ్డలు బతకడం కంటే మంచి సంగతి ఏముంటుంది?

సినిమాలు ఇంకో పని చేసినాయి. 1986లో వచ్చిన స్వాతిముత్యం తమిళంలోకి పోతూ సిప్పిక్కుళ్ ముత్తు అయింది. ముత్యాన్ని ముత్తుగా మార్చుకున్నారు. 1995లో రజనీకాంత్ ముత్తు తెలుగులోకి వచ్చినప్పుడు మాత్రం ముత్యం కాలేదు, ముత్తు గానే వచ్చింది. 1998లో జపాన్‌కు కూడా పోయింది. అదే 1995లో బాషాలో ఆయన ఆటో నడిపే మాణిక్కం. ఒకే ఏడు రెండు రత్నాలు, ఒకడు జమీందారు ఇంట్లో పనివాడు, ఒకడు ఆటోవాడు. ఇద్దరూ మంచివాళ్లే. అయితే జనం మనసులో ముత్తు అంటే పల్లెటూరివాడు, పనివాడు అనే ముద్ర గట్టిపడింది. చెన్నైలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఆ ముద్ర ఇష్టం లేదు. ఇప్పుడు చాలా ఇళ్లల్లో గుళ్లో చెవి కుట్టించేటప్పుడు ముత్తు అని ఒకసారి చెప్పి, సర్టిఫికెట్‌లో ఇంకోటి రాయిస్తున్నారు.

పేరు మార్చుకోవడం ఎవరిష్టం వాళ్లది. నా దిగులు వేరే. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. మన సీమలో ఉన్న ఆ మందిలో తెలుగు చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. మనకు శాసనాలు లేవు, కుటుంబ చరిత్ర పుస్తకాలు లేవు, ఇంటిపేరు కాగితం మీద లేదు. ఏ ఇంట్లో ఎవరు పోయినారు, ఎవరు మిగిలినారు, ఏ గుడికి నడిచినారు అనేది పేర్లల్లోనే దాచుకున్నాం. పేచ్చిముత్తు అనే తాత ఉంటే ఆ ఇంటివాళ్లు పేచ్చియమ్మకు మొక్కినవాళ్లు. పిచ్చైముత్తు ఉంటే ఆయనకు ముందు పోయిన బిడ్డలు ఉన్నారు. ఆ పేరును "పాతది, నాటుది" అని తీసేస్తే, పేరు లేకుండా పోయిన ఆ చిన్నబిడ్డల గుర్తు కూడా దాంతోనే పోతుంది.

అందుకే ఒక పని చేయమని మీ అందరినీ అడుగుతున్నా. ఇంట్లో ముసలివాళ్లు ఉండగానే కూర్చొని అడగండి. "మన ముత్తు ఏ ముత్తు?" అమ్మవారి ముత్తా, మురుగన్ ముత్తా, ముద్దు ముత్తా, ముత్తాతలోని ముత్తా? వాళ్లు పలికేటప్పుడు జాగ్రత్తగా వినండి. తొంభై ఏళ్ల అవ్వ తన అత్త పేరును ఇప్పటికీ గుసగుసగానే చెప్తుంది, గట్టిగా చెప్పదు. ఆ గుసగుసలో 'త్త' ఉందా 'ద్ద' ఉందా చూసుకోండి. ఫోనులో రికార్డు చేసుకోండి, తేదీ రాసి పెట్టుకోండి. తమిళ కాగితం చెప్పలేనిది ఆ పలుకు చెప్తుంది.

ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టి, అవ్వ ముత్తు పెట్టమంటే, ముందు ఎందుకని అడగండి. కారణం విన్నాక కూడా మీకు నచ్చిన పేరే పెట్టుకోండి, తప్పు లేదు. కానీ అవ్వ చెప్పిన ఆ కారణాన్ని మాత్రం బిడ్డ పుట్టినరోజు పక్కన నాలుగు ముక్కల్లో రాసి పెట్టండి. తెలుగులో రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లోనైనా సరే.